ఓడలో కొలువా? జీతంతోపాటు నిద్ర గంటలూ అడగండి

రాయగడ, గుణుపురం, జయపురం ప్రాంతాల మన తెలుగు కుటుంబాలకు కొండలు దిగితే విశాఖ రేవు. 2022 జూన్‌లో అక్కడి నుంచి చెన్నైకి విహార నౌక కూడా నడిచింది. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన పిల్లలకు క్రూయిజ్ ఓడలో కొలువు ఇప్పుడు మరీ దూరపు మాట కాదు. అబ్బాయికి ఆఫర్ వస్తే మనం ముందు అడిగేది జీతం. నిద్రకు ఎన్ని గంటలు అని అడిగేవారు తక్కువ.

ఆ లెక్క 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందంలో ఉంది. భారత్ దీనిని 2015లో ఆమోదించింది. ఇది ఇంజిన్ గదివాళ్లకే కాదు, వంటవాడికి, వెయిటర్‌కు, గదులు సర్దేవారికి కూడా వర్తిస్తుంది. రోజుకు ఎనిమిది గంటల పని, వారానికి ఒక సెలవు అనేది మూల ప్రమాణం. ఆపైన ఓవర్‌టైమ్ ఉన్నా, విశ్రాంతి పద్ధతి పాటించే ఓడల్లో ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో 77 గంటలు విశ్రాంతి దక్కాలి. ఆ 10 గంటలను రెండు విడతలకు మించి ముక్కలు చేయకూడదు. ఒక విడత ఆరు గంటలకు తగ్గకూడదు.

ఉపాధ్యాయులు దీన్ని తరగతిలో లెక్కగా ఇవ్వవచ్చు. ఒక వెయిటర్‌కు ఉదయం 6 నుంచి 10 వరకు, మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు, సాయంత్రం 6 నుంచి అర్ధరాత్రి 12 వరకు పని. ఖాళీ ఎంత? రెండు, మూడు, ఆరు కలిపితే 11. పదికి మించింది కదా అంటారు పిల్లలు. కానీ అది మూడు ముక్కలు. పెద్దవి రెండూ కలిపితే తొమ్మిదే. ప్రత్యేక సడలింపు ఉంటే తప్ప ఇది నిబంధనకు విరుద్ధం. టీ తాగే కాస్త విరామం అసలు విశ్రాంతి కింద రాదు.

పని వేళల పట్టికను ఓడలో అందరికీ కనిపించేలా పెట్టాలి. ప్రతి ఒక్కరి విశ్రాంతి వివరాలు నమోదు చేసి, వారి సంతకం తీసుకుని, నకలు వారికే ఇవ్వాలి. చేయని విశ్రాంతిని చేసినట్టు రాసిన కాగితంపై సంతకం పెడితే, తర్వాత ఫిర్యాదుకు ఆధారం మిగలదు. ఫిర్యాదు చేసినందుకు వేధించడాన్ని ఒప్పందం నిషేధించింది. కొత్తగా చేరిన కుర్రాడికి ఈ సంగతి ఇంట్లోనే తెలిసి ఉండాలి.

ఇక ఏజెంట్ల మాట. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోకూడదు. వైద్య ధ్రువపత్రం, పాస్‌పోర్టు, సీడీసీ ఖర్చులు మాత్రం అతనివే కావచ్చు. వీసా ఖర్చు యజమానిది. నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ లైసెన్సు ఉన్న ఏజెంటేనా కాదా అన్నది డబ్బు మాట ఎత్తకముందే ఆ శాఖ జాబితాలో చూసుకోవచ్చు.