సెల్‌ఫోను ముంగిట ముగ్గులు

గడపకు పసుపు పూసి, వాకిట ముగ్గు వేసిన పిమ్మటనే తక్కిన పనులకు దిగుట మన యిండ్ల వాడుక. ఇప్పుడు మన చేతులలోనికి వచ్చిన స్మార్ట్‌ఫోనునకు గూడ నొక ముంగిలి కలదు. తాళము తీయగానే కనబడు నా తెరను హోమ్ స్క్రీన్ అందురు. దాని రంగులను, బొమ్మలను, అక్షరములను మన యిచ్చవచ్చినట్లు మార్చు సాధనములే థీములు, లాంచర్లు, ఐకాన్ ప్యాకులు, విడ్జెట్లు. ఇవి కుఱ్ఱకారు వేడుకలే యని పెద్దలు త్రోసివేయుదురు. మేమట్లు తలపము.

లాంచరనగా ఇల్లు కాదు, ఇంటి ముందరి వాకిలి మాత్రమే. నోవా లాంచరు వంటిదానిని తెచ్చి పెట్టుకొన్నను లోపలి ఫొటోలును, నంబర్లును చెక్కుచెదరవు. ఐకాన్ ప్యాకు ఆయా యాప్‌ల గుర్తులకు క్రొత్త బొమ్మలు తొడుగును. విడ్జెట్టు వాకిటనే తేదిని, వానజాడను చూపు పలక; అట్టి పలకలను మనమే గీసికొనుటకు కె.డబ్ల్యు.జి.టి. అను సాధనము కలదు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 మఱియొక వింత తెచ్చినది. మనము తెరపై నుంచిన పటములోని రంగులను తానే యేరుకొని, మీటలకును పలకలకును అద్దును. చీర అంచును బట్టి రవికెగుడ్డ నెన్నుకొనుట మనకు తెలియనిదా! ఆపిల్ కంపెనీవారు మాత్రము చాలకాలము బిగబట్టి, విడ్జెట్లను హోమ్ స్క్రీనుపై 2020లోను, గుర్తులకు రంగు మార్చుకొను వీలును 2024లోను ఇచ్చిరి.

అందము మాట యటుండనిండు. మా ఉద్దానపు తీరమున కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ ఎన్ని యిండ్లలో మూత్రపిండముల వ్యాధి యున్నదో చదువరు లెఱుగుదురు. దాని మూలకారణ మింకను నిశ్చయముగా తేలలేదు. డయాలసిస్‌నకు వారమునకు రెండు మూడు మారులు పోవలసినవారికి ఫోనులోని సందేశము కంటబడుట ప్రాణముతో ముడివడిన సంగతి. మే మెఱిగిన యొక వృద్ధురాలి ఫోనునకు మనుమడు ముచ్చటపడి వెన్నెల సముద్రపు థీము పెట్టెను. సన్నని తెల్లని యక్షరములు నురుగులో కలిసిపోయినవి. ఆసుపత్రి వేళ మారినదన్న సందేశ మామె కానలేదు, వంతు తప్పినది. మఱునాటికి కాళ్లు పొంగి, ఆయాసముతో ఆటోలో కొనిపోవలసి వచ్చెను. తేఱుకొన్న పిదప ఆమె మనుమనితో ననిన మాట యిది: “సముద్రం నాకు కొత్తేటిరా? గుమ్మం దాటితే అదే గదా. అచ్చరం అగుపడాల.”

ఆ బాలుడే సరిదిద్దెను. తెల్లని వెనుకతెర, నల్లని పెద్ద యక్షరములు, నాలుగే గుర్తులు. కుమార్తె ముఖమును తాకినంతనే పిలుపు పోవునట్లొక మీట. డయాలసిస్ దినములు చూపు నొక విడ్జెట్టు. ఇందులకు పైకము పనిలేదు. సామ్‌సంగ్ ఫోనులలో ఈజీ మోడ్ అని యుండును. ఐఫోనులలో 2023 నుండి అసిస్టివ్ యాక్సెస్ కలదు. పలాస జీడిపప్పు కార్ఖానాలలో పిక్క కొట్టు స్త్రీల వ్రేలికొనలు పిక్కనూనెకు కాలి, గీతలు చెఱిగిపోవును గాన, వారికి వేలిముద్ర తాళమునకు మారుగా అంకెల తాళమే మేలు.

తెలుగక్షరముల సంగతి యొకటి. ఆంగ్లమునకే పనికివచ్చు ఫాంటులలో మన లిపి యుండదు. కొన్ని థీములలో వరుసల నడుమ ఎడము చాలక, మన యొత్తులు క్రింద తెగిపోవును. సిలికానాంధ్రవారు ఉచితముగా విడుదల చేసిన తెలుగు ఫాంటులలో గిడుగు అనునది యొకటి. మన వంశధార తీరమునే పుట్టి, పర్లాకిమిడిలో బోధించిన గిడుగు రామమూర్తి పంతులుగారి (1863–1940) పేరిటిది. వ్యావహారికమునకై పోరాడిన యాయన పేరిటి యక్షరములలో మా గ్రాంథికము నెవరైన చదువుకొందురేమో! అది శీర్షికలకు తగినది. సందేశములు చదువుటకు గాదు. అక్షరములను తెరపై కూర్చుట చిన్నపని యనుకొనరాదు. 2018 ఫిబ్రవరిలో “జ్ఞా” అను నక్షరపు కూర్పొకటి ఐఫోనులలోని యాప్‌లను కూలద్రోయగా, ఆపిల్‌వారు ఆ నెలలోనే సవరణ పంపవలసివచ్చెను. 2020లో నొక సరస్సు పటమును వెనుకతెరగా పెట్టినంతనే కొన్ని ఆండ్రాయిడ్ ఫోనులు మరల మరల ఆఱి వెలుగసాగెను. దానిలోని రంగుల లెక్క ఫోనునకు మింగుడుపడకపోవుటయే కారణము.

దీనికంటె భయపడవలసినది వేఱొకటి కలదు. వాట్సాప్‌లో నెవరో పంపిన థీము ఫైలును తెఱచి యెక్కించుకొనరాదు. ప్లే స్టోరునుండి తెచ్చినదైనను, బొమ్మలు మార్చు సాధనమునకు మన సందేశములు చదువుటతో పనియేమి? ఓటీపీ వచ్చునది ఆ సందేశములలోనే గదా. అట్టి యనుమతి యడిగిన వెంటనే తీసివేయవలయును. సొమ్ము పోయినచో నాలసింపక 1930కు ఫోను చేయవలయును.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దాపున తీరము దాటిన పిమ్మట ఊళ్లకూళ్లు దినముల తరబడి దీపము లేక యుండెను. అట్టి వేళ ఫోనులోని ప్రతి పాలు చార్జియు విలువైనది. ఓలెడ్ తెర గల ఫోనులలో నల్లని చోటు వెలుగనే వెలుగదు గాన, నల్లని థీము చార్జి నాదా చేయును, ఎల్.సి.డి. తెరలలో ఈ లాభము లేదు. కదలాడు బొమ్మల వెనుకతెరలను తుపాను హెచ్చరిక వినగానే తీసివేయుట మంచిది.

క్రొత్త వాకిలి నచ్చనిచో సెట్టింగ్స్‌లో డీఫాల్ట్ యాప్స్ అనుచోట హోమ్ యాప్‌ను తాకి, మొదటిదానినే యెన్నుకొనిన చాలును. పాత ముంగిలి యున్నదున్నట్లు తిరిగి వచ్చును.