సన్నబరచు చిత్రములు: నమ్మదగినదెంత?



ఆహారమును గూర్చియు, దేహము సన్నబడుటను గూర్చియు తీసిన డాక్యుమెంటరీ చిత్రములను నేడు తిరుపతి, చిత్తూరు పట్టణములలోనే గాక పల్లెలలోను చేతిఫోనులయందు చూచుచున్నారు. చూచిన మరునాడే సంగటి మానినవారును, రాత్రిభోజనము విడిచినవారును కలరు. కావున అట్టి చిత్రములు మనలనేవిధముగ ఒప్పించునో గృహిణులెరిగియుండుట అవసరము.

మొదటి ఉపాయము భయము. 2004లో అమెరికాలో మోర్గన్ స్పర్లాక్ తీసిన ‘సూపర్ సైజ్ మీ’ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. అతడు 30 దినములు మూడుపూటలును మెక్‌డొనాల్డ్స్ భోజనమే తిని, సుమారు 11 కిలోలు బరువు పెరిగెను. వైద్యులు అతని రక్తపరీక్షలు చూచి హెచ్చరించునప్పుడు మనకు గుండె జల్లుమనును. కాని అది ఒక్క దేహముపై జరిగిన పరీక్ష. పోల్చి చూచుటకు రెండవ మనిషి లేడు. పైగా 30 ఏండ్లలో ఒక్క వారమునకు మించి తాను మద్యము మానియుండలేదని 2017లో అతడే వెల్లడించెను. ఇక చిత్రమున చూపిన కాలేయపు చెరుపంతయు ఆ తిండివలననే కలిగెనని చెప్పుటెట్లు? అతిగా తినుట కీడన్నమాట నిజమే. దానికి చిత్రము తెచ్చిన సాక్ష్యము మాత్రము బలహీనము.

రెండవది స్వానుభవము. 2010 నాటి ‘ఫ్యాట్, సిక్ అండ్ నియర్లీ డెడ్’లో ఆస్ట్రేలియావాసి జో క్రాస్ 60 దినములు పండ్లరసము, కూరగాయలరసము మాత్రమే త్రాగి సన్నబడును. అతని మాట విని ఒక లారీడ్రైవరును ఎంతో బరువు తగ్గును. కన్నులు చెమర్చు కథయే! అయితే 2014లో వచ్చిన రెండవ భాగమునాటికి ఆ డ్రైవరు తిరిగి లావెక్కియుండెను. మొదటి చిత్రముతో తృప్తిపడినవారికి ఈ సంగతి తెలియదు గదా!

మూడవది అంకెలు. ‘వారమునకిన్ని కిలోలు’ అనగానే మనము లొంగిపోవుదుము. అలిపిరి మెట్లెక్కి తిరుమల చేరినవారు అప్పుడే తూగినచో కొంత బరువు తగ్గియుందురు. పోయినది చెమటగాని క్రొవ్వు కాదు. పస్తున్న మొదటి దినములలో పోవునదియు చాలవరకు నీరే. దేహమున నిలువయున్న పిండిపదార్థము ఖర్చగుచు, తనతో గూడిన నీటిని వెడలగొట్టును. మామూలుగ భుజించగానే ఆ నీరు మరల చేరును.

మన రాగులకును ఇట్టి కీర్తియే కల్పించుచున్నారు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము కలదు, పీచును కలదు. ఇది మెచ్చదగినదే. కాని శక్తినిచ్చుటలో రాగులును బియ్యమును రమారమి సమానము. ముద్ద పెద్దదై, ప్రక్కన చెనక్కాయల ఊరుబిండి మెండుగానున్నచో నడుము సన్నబడదు. ముద్ద తగ్గి, ఆకుకూర పెరిగినచో మేలు.

ఇందు ప్రాణాపాయమును కలదు. చక్కెరవ్యాధికి ఇన్సులినుగాని, కొన్నిరకముల మాత్రలుగాని పుచ్చుకొను అత్తగారు చిత్రము చూచి భోజనము మానినయెడల, రక్తమున చక్కెర హఠాత్తుగ పడిపోయి స్పృహ తప్పవచ్చును. గర్భిణులు, బాలింతలు, ఎదుగు బాలికలు ఇట్టి పస్తులకు దిగరాదు.

కావున చిత్రము ముగియగానే మూడు ప్రశ్నలు వేయుడు. ఎందరిపై పరీక్షించిరి? ఏడాది తరువాత వారెట్లున్నారు? చిత్రము తీసినవారు అమ్మజూపు సరుకేమి? వీనికి సరియైన బదులు దొరకనిచో, వైద్యునడుగువరకు పొయ్యిమీది కుండను దింపవలదు.