ఇంటి నుండే రిజిస్ట్రారాఫీసు దస్తరం

గల్ఫ్ దేశాలకు వెళ్ళిన బిడ్డలు పంపిన డబ్బుతో తల్లిదండ్రులు ఊళ్ళో ఇంటి జాగా కొనడం మన మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాల్లో తరచు చూస్తున్నదే. ఏళ్ళ తరబడి ఎండలో కష్టించిన సొమ్ము ఒక్క సంతకంతో చేతులు మారుతుంది. అమ్మేవాని మాట ఎంత నమ్మకంగా ఉన్నా, ఆ జాగా ఇదివరకే వేరొకరికి అమ్ముడైందా, తాకట్టులో ఉందా అని చూసుకొనే బాధ్యత కొనేవారిదే. ఆ పని నేడు ఇంటి కంప్యూటరు నుండే మొదలు పెట్టవచ్చు.

పూర్వం సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజులను పెద్ద పుస్తకాల్లోకి చేతితో ఎక్కించేవారు. ఈ.సీ. కావాలంటే గుమాస్తా ఆ పుస్తకాలను ఏడాది వెంట ఏడాది తిరగవేయాలి. 1998 నవంబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'కార్డ్' అనే పథకం కింద 200కు పైగా కార్యాలయాల్లో ఈ పనిని కంప్యూటర్లకు అప్పగించింది. 2011లో మీసేవ కేంద్రాలు వచ్చాయి. ఆ తర్వాత ఇంట్లో కూర్చొని చూసే వీలు కలిగింది.

ఇది ఎలా జరుగుతుంది? రికార్డు ప్రభుత్వ సర్వరులోనే ఉంటుంది. మనం అడిగినప్పుడు దాని నకలు మన తెర మీదికి వస్తుంది. మనం చదవగలం గాని దిద్దలేము. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో మొబైల్ నంబరుతో పేరు నమోదు చేసుకొని, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం పేరు, దస్తావేజు నంబరు, సంవత్సరం ఇవ్వాలి. 1983 నుండి జరిగిన లావాదేవీలు కనబడతాయి. అంతకు ముందువాటికి కార్యాలయానికే వెళ్ళాలి. సాగు భూములకు మాత్రం దారి వేరు. 2020 అక్టోబరులో మొదలైన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది.

ఈ.సీ.లో ప్రతి వరుసనూ నిదానంగా చదవండి. ఎవరు ఎవరికి, ఏ తేదీన, అమ్మకమా, దానమా, తాకట్టా? మీకు అమ్ముతున్న వ్యక్తి పేరు చివరి కొనుగోలుదారు పేరుతో సరిపోవాలి. సరిపోకపోతే కారణం అడగండి. వారసత్వంగా వచ్చిందంటే అందుకు తగిన కాగితాలు చూపమనండి.

అయితే ఈ.సీ. అన్నీ చెప్పదు. రిజిస్టరు కానిది అందులో ఉండదు. సాదాబైనామా మీద జరిగిన అమ్మకం, పంచుకోని అన్నదమ్ముల వాటా అందులో కనబడకపోవచ్చు. కాబట్టి అసలు దస్తావేజులు చూడండి, ఇరుగుపొరుగును విచారించండి, వకీలుకు చూపించండి.

ఇంకొక హెచ్చరిక. దూరాన ఉన్న దస్తరాన్ని మనం చూడగలిగినట్టే, దూరాన ఉన్న దొంగ మన కంప్యూటరును, ఫోనును చూడగలడు. సాయం చేస్తామంటూ ఎవరైనా ఎనీడెస్క్ వంటి యాప్ పెట్టుకోమంటే ఒప్పుకోవద్దు. ఇటువంటి మోసం గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కు ఫోను చేయండి.

తల్లిదండ్రులారా, బయానా ఇవ్వకముందే ఈ.సీ. తీసి, ఒక ప్రతిని దూరాన ఉన్న బిడ్డకు పంపండి. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత బిగ్గరగా చదివించుకోండి. కష్టార్జితాన్ని కాపాడుకోవడానికి ఆ ఒక్క సాయంత్రం చాలు.