కాగితము లేని కాందిశీకుడు

1941 డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడెను. 1942 మార్చి 8న నగరము వారి వశమయ్యెను. లక్షలాది భారతీయులు, వారిలో వేలకొలది ఆంధ్రులు, అరకాను త్రోవనో మణిపురపు కనుమలగుండనో కాలినడకను స్వదేశము చేరిరి. దారిలో కలరాకు, మలేరియాకు బలియైనవారు వేలు.

ప్రభుత్వము కాందిశీకులకు భత్యము లొసంగెను. కాని శత్రువశమైన దేశమునుండి వెనుక వచ్చినవాడు తొలుత అనుమానితుడు, పిమ్మటనే ఆర్తుడు. ఈ శంకకు కారణమే లేదని మేమనము. 1942 సెప్టెంబరులో జపాను జలాంతర్గామినుండి తానూరు తీరమున యువకులు దిగిరి. వక్కం ఖాదరు మొదలగు నలుగురిని 1943 సెప్టెంబరు 10న మద్రాసు చెరసాలలో ఉరిదీసిరి. మాకు వారు దేశభక్తులే. ప్రభుత్వమునకు మాత్రము శత్రుచారులు.

అయినను విచారణ వేరు, అన్నము వేరు. కార్వేటినగరమునుండి రంగూనుకు పోయిన కూలి యొకడు అడవిదారిని తిరిగివచ్చెననుకొందము. యజమాని అచటనే చిక్కెను; చీటి యేటిపాలయ్యెను. వానికి సాక్ష్యమెవరు పలుకుదురు? ఇరువదియేండ్ల క్రింద చూచిన ముఖమును కరణము గుర్తింపగలడా? విచారణ ముగియువరకు ఆకలి ఆగునా?

నేటికిని యుద్ధభూమినుండి పారివచ్చినవానిని సరిహద్దున తొలుత అడుగునది కాగితమే. అనుమానమును ఋజువుచేయు భారము ప్రభుత్వముది, ఆర్తునిది కాదు. ముందు గంజి పోయుడు, పిదప ప్రశ్నలడుగుడు.