పాత కారుకు పెద్ద కార్బరేటర్: అపోహలు – వాస్తవాలు

ప్రీమియర్ పద్మినీనో, అంబాసిడర్‌నో ఇంకా రోజూ పనికి వాడుకునేవాళ్లకు ఉచిత సలహాలకు కొదవ ఉండదు. వాటిలో ఎక్కువగా వినిపించేది కార్బరేటర్ గురించే. "పెద్దది వేయించండి, బండి దూసుకుపోతుంది" అంటారు. కొందరు వేలు పోసి వేయిస్తారు కూడా. ఆ తర్వాత బండి సిగ్నల్ దగ్గర ఆగిపోతూ, మైలేజీ పడిపోతూ ఉంటే ఇంజన్ పని అయిపోయిందనుకుంటారు. నిక్షేపంలాంటి ఇంజన్లు ఇలా చెడ్డపేరు మోయడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: కార్బరేటర్ ఎంత పెద్దదైతే పికప్ అంత.

ఇంజన్ తనకు పట్టినంత గాలే పీల్చుకుంటుంది. పద్మినీ ఇంజన్ 1089 సీసీ. ఫోర్ స్ట్రోక్ కాబట్టి నాలుగు సిలిండర్లూ ఒకసారి నిండాలంటే క్రాంక్ రెండు చుట్లు తిరగాలి. 2000 ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా నిండినా నిమిషానికి 1089 లీటర్ల గాలి చాలు. ఊళ్లో యాక్సిలరేటర్ సగం కూడా తొక్కం కనుక నిజంగా లోపలికి పోయేది ఇంకా తక్కువ.

కార్బరేటర్ లోపల వెంచురీ అనే ఇరుకు దారి ఉంటుంది. గాలి అక్కడ వేగం పుంజుకుంటుంది, ఒత్తిడి తగ్గుతుంది, జెట్టులోంచి పెట్రోలు లేచి తుంపరగా కలుస్తుంది. దోమల మందు కొట్టే పాత ఫ్లిట్ పంపు పనిచేసేదీ ఇలాగే. ఆ దారి వెడల్పయితే తక్కువ స్పీడులో గాలికి ఊపు ఉండదు. పెట్రోలు సరిగా లేవదు, లేచినా చుక్కలుగా పోతుంది. సెకండ్ గేర్లో యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం బిగుసుకుపోయేది అందుకే. దాన్ని కప్పిపుచ్చడానికి జెట్టు పెద్దది చేస్తారు. ఇక ప్లగ్గులు మసిబారతాయి, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది.

చాలా దేశాల్లో పాత కార్లవాళ్లు ఏరికోరి వేసుకునే వెబర్ 32/36 డీజీవీని చూడండి. అందులో రెండు గొట్టాలుంటాయి. మామూలుగా నడిపేటప్పుడు 32 మి.మీ.ది ఒక్కటే తెరుచుకుంటుంది. 36 మి.మీ.ది పెడల్ బాగా తొక్కాకే. రోజువారీ బండికి దాని గొప్పతనం చిన్న గొట్టంలోనే ఉంది. అంత చేసినా అది 2 లీటర్ల ఫోర్డ్ పింటో లాంటి ఇంజన్లకు తగిన సైజు. పద్మినీకి పెద్దదే.

ఇక జంట కార్బరేటర్ల మోజు. అంబాసిడర్లో చాలాకాలం ఉన్న 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ ఇంజన్, 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారు ఇంజన్ ఒకే కుటుంబం. ఎంజీఏకు రెండు ఎస్‌యూ కార్బరేటర్లు, 68 హార్స్‌పవర్, తర్వాత 72. మన అంబాసిడర్‌ది 50 దగ్గర. ఈ తేడా అంతా రెండో కార్బరేటర్ చలవే అనుకుంటారు. కానీ ఎంజీఏ కంప్రెషన్, సిలిండర్ హెడ్, ఎగ్జాస్ట్ కూడా వేరు. పైగా ఈ ఇంజన్లో నాలుగు సిలిండర్లకు గాలి వెళ్లే పోర్టులు రెండే. రెండు కార్బరేటర్లు సమానంగా పీల్చేలా బ్యాలెన్స్ చేయకపోతే ఐడిలింగ్‌లోనే బండి వణుకుతుంది.

అపోహ: పాత కార్బరేటర్ అరిగిపోయింది, మార్చక తప్పదు.

ముందు థ్రాటిల్ స్పిండిల్‌ను పట్టుకుని అటూ ఇటూ కదపండి. లొడలొడలాడితే అక్కడినుంచి గాలి దొంగతనంగా లోపలికి పోతోంది. బుష్షులు వేయిస్తే ఐడిలింగ్ కుదురుతుంది. ఎస్‌యూ అయితే పైన నల్లమూత విప్పి డ్యాంపర్‌లో ఆయిల్ ఉందో లేదో చూడండి. అది ఎండిపోయినా యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుంది. చెంచాడు ఆయిల్‌తో పోయేదానికి కొత్త కార్బరేటర్ కొన్నవాళ్లున్నారు. లోపలి పిస్టన్‌ను పైకెత్తి వదిలితే ఠక్కున కింద పడాలి. మెల్లగా దిగినా, మధ్యలో ఆగినా నీడిల్ ఎక్కడో రాసుకుంటోందని అర్థం. వాల్వ్ క్లియరెన్స్, పాయింట్లు, టైమింగ్ చూడకుండా కార్బరేటర్ మీద చేయి వేయనివ్వకండి.

జెట్టును పిన్నీసుతోనో, వైరుతోనో పొడిచి శుభ్రం చేయడం నన్నడిగితే నేరమే. సోలెక్స్ కార్బరేటర్ మెయిన్ జెట్టు మీద 125 అని ఉంటే రంధ్రం 1.25 మి.మీ. అది 1.30 అయితే వైశాల్యం 8 శాతం పెరుగుతుంది. ఇత్తడి మెత్తన, వైరు గట్టిది. కంప్రెసర్ గాలి కొట్టించండి, చాలు.

అపోహ: ఇన్నేళ్లు నడిచిన సెట్టింగే ఇప్పుడూ నడుస్తుంది.

ఇది మాత్రం నిజంగా పట్టించుకోవలసిన సంగతి. బంకుల్లో ఇప్పుడు పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అచ్చమైన పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండాలంటే 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20కి 13.5 దగ్గర సరిపోతుంది. అంటే పాత జెట్టు మీద మిశ్రమం సుమారు 8 శాతం పలచబడుతుంది. పొద్దున చోక్ ఎక్కువసేపు లాగాల్సి వస్తోందన్నా, ప్లగ్గు కొస తెల్లగా ఉందన్నా ఇదే అనుమానించాలి. 125 స్థానంలో 130 వేయడం ఇక్కడ సబబు కావచ్చు, అదీ ప్లగ్గు రంగు చూశాకే. జెట్టుతోపాటు ఫ్లోట్ నీడిల్ కొస, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం, పెట్రోలు పైపులు కూడా ఇథనాల్‌కు ఓర్చే రబ్బరువి వేయించాలి. పాతవి ఉబ్బి, పగిలి కారతాయి. వేడి ఎగ్జాస్ట్ పక్కనే పెట్రోలు కారడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ప్రమాదమే ఎలక్ట్రిక్ పంపుతోనూ ఉంది. కార్బరేటర్‌కు పావు బార్ ఒత్తిడి చాలు. ఇంజెక్షన్ కార్ల పంపు 3 బార్ దాకా తోస్తుంది. ఫ్లోట్ నీడిల్ దాన్ని ఆపలేక పెట్రోలు పొంగిపోతుంది. పంపు కొనేటప్పుడు ఒత్తిడి అడిగి కొనండి.

జెట్టు మార్చినా, కార్బరేటరే మార్చినా, పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే చోట సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అంకె చూడండి. బీఎస్-2కు ముందు నాటి పెట్రోలు కార్లకు సీఓ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం మించకూడదు. సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని వచ్చేయకుండా, ఆ కాగితాన్ని మీ మెకానిక్‌కు చూపించండి. ఐడిలింగ్‌లో మిశ్రమం స్క్రూను ఎటు తిప్పాలో ఆ అంకె చెబుతుంది.