నాడీతంతువుపై పొర, గోదావరిసీమ మందు

పెద్దాపురపు మగ్గములపై పట్టు నేయువాడు, పడుగున నొక్క పోగు తెగినను చీర పొడవునా గీత పడునని యెఱుగును. మన మెదడునందును వెన్నుపామునందును గల నాడీతంతువుల సంగతియు నట్టిదే. విద్యుత్తీగకు రబ్బరు తొడుగువలె ఈ తంతువులకు మైలిన్ అను కొవ్వుపొర కలదు. శరీరమును కాపాడవలసిన రక్షకకణములే దారితప్పి, ఆ పొరను పరాయిదానిగా నెంచి దెబ్బతీయగా, సందేశములు నడుమనే తడబడి, ఒక కంటి చూపు మసకబారుట, కాలు తిమ్మిరెక్కుట, నడక తూలుట మున్నగు లక్షణములు పొడసూపును. 1868లో పారిస్ నగరమున షార్కో పండితుడు సవివరముగా వర్ణించిన మల్టిపుల్ స్క్లెరోసిస్ ఇదియే.

ఇట్టి కణముల నదుపుచేయు మందుల చరిత్రలో గోదావరిసీమ పాలు స్వల్పము కాదు. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి అండతో అమెరికా కేగిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనాలయమున నడపిన బృందము, ఫోలిక్ ఆమ్లమును సంశ్లేషించి, పిదప దానిని పోలియుండి దాని పనికే అడ్డుపడు ఎమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను వెలికిదెచ్చెను. కణవిభజనకు ఫోలిక్ ఆమ్లము ఆవశ్యకము గనుక, రక్తక్యాన్సరుపై తొలుత ప్రయోగింపబడిన ఈ జాతి మందులలో మెథోట్రెక్సేట్ నేడు అల్పమోతాదున కీళ్ళవాతమునకు ముఖ్యౌషధమై నిలిచినది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌నందును దానిని పరీక్షించిరి గాని, అచట నేడు నూతనౌషధములకే ప్రాధాన్యము.

కీళ్ళవాతపు రోగులు మెథోట్రెక్సేట్ మాత్రను వారమున కొక్కమారే పుచ్చుకొనవలెను. దినదినము మ్రింగుట ప్రాణాపాయకరము. పాఠకులారా, వైద్యుని చీటి చక్కగా చదివించుకొనిన పిదపనే దానిని ముట్టుడు.