పాత కిటికీ మూయకుండానే...

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మా పాత కంప్యూటరేమో 11కి పనికిరాదట! పారేయడానికి మనసొప్పక లినక్స్ మింట్ చూద్దామనుకున్నా. మరి పిల్లల ఫొటోలు, నా కథలు అందులోనే ఉన్నాయి కదా? ముందు వాటిని వేరే డిస్కులోకి ఎక్కించా. మింట్‌ను ఖాళీ పెన్‌డ్రైవ్‌లో వేసి (మామూలు కాపీ కుదరదు, అందుకో చిన్న ప్రోగ్రాముంది), దాన్నుంచే కంప్యూటర్ నడిపించా. మనం చెబితే తప్ప లోపలి డిస్కు జోలికి పోదు. కాస్త నెమ్మదే. ఆపితే మాత్రం అందులో రాసుకున్నవి మిగలవు. తెలిసీ మరిచిపోయి ఓ కథ పేజీ పోగొట్టుకున్నా!

నచ్చి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘డిస్కు చెరిపేయి’ అన్నది నొక్కారో... విండోస్‌తోపాటు అన్నీ పోతాయి. ‘విండోస్ పక్కనే’ అన్నదే ఎంచుకోండి. నేనింకా అంతదాకా పోలేదు. పెన్‌డ్రైవ్ తీసేస్తే మావారికి పాత విండోసే వస్తోంది. ఆయనకింకా ఈ సంగతే తెలియదు!